ముసలి పిల్లి: ఇప్పుడే ఆసుపత్రికి బయలుదేరాలా, తెల్లారేదాకా ఆగొచ్చా?

పదేళ్లు దాటిన పిల్లి రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. జబ్బు చేసినా పడుకునే ఉంటుంది. చిక్కంతా అక్కడే. బాధను బయటపెట్టడం పిల్లికి అలవాటు లేదు. తిండి కాస్త తగ్గించి మంచం కిందకి చేరుతుంది, అంతే. గురగురలాడుతోంది కదా అని ధైర్యపడటానికీ లేదు, నొప్పిలో కూడా పిల్లులు గురగురలాడతాయి. ‘వయసైపోయింది, అందుకే’ అనే మాటను మాత్రం దయచేసి పక్కన పెట్టండి. నెలల తరబడి మెల్లగా వచ్చిన మార్పు వేరు, నిన్న లేనిది ఇవాళ కనపడటం వేరు. రెండోది కనపడితే వెంటనే కూర్చుని పిల్లిని పరీక్షగా చూడండి.

మొదట ఊపిరి. పిల్లి నిద్రలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని ఛాతీనే చూడండి. ఒకసారి లేచి దిగితే ఒక శ్వాస. ఫోన్లో టైమర్ పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. గురగురలాడుతున్నప్పుడు, అప్పుడే పరుగెత్తి వచ్చినప్పుడు, ఎండలో పడుకున్నప్పుడు ఈ లెక్క పనికిరాదు. నిద్రలో నిమిషానికి 30 లోపే ఉండాలి. పావుగంట ఆగి మళ్లీ లెక్కపెట్టినా 30 దాటుతుంటే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. 40 దాటితే బయలుదేరండి.

అంకె కన్నా ముఖ్యం, ఊపిరి ఎలా తీస్తోందన్నది. శ్వాసతోపాటు డొక్కలు కూడా ఎగరడం, మెడ ముందుకు చాచడం, ముందుకాళ్ల మోచేతులు ఒంటికి దూరంగా పెట్టి నక్కి కూర్చోవడం, పక్కకు ఒరిగి పడుకోలేకపోవడం, ఇవన్నీ గాలి అందడం లేదని చెప్పే గుర్తులు. నోరు తెరిచి రొప్పడం కుక్కకు మామూలే. ముసలి పిల్లి విశ్రాంతిగా ఉండి అలా రొప్పుతోందంటే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. గుండె జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లోకో, వాటి చుట్టూనో నీరు చేరినప్పుడు ఇలా జరుగుతుంది. అలాంటి పిల్లిని హత్తుకోవద్దు, వెల్లకిలా తిప్పొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. పెనుగులాటకు ఖర్చు చేసే గాలి కూడా దాని దగ్గర లేదు. తనకు నచ్చిన భంగిమలోనే ఉండనిచ్చి తీసుకెళ్లండి.

తర్వాత చిగుళ్లు. బొటనవేలితో పై పెదవిని కాస్త ఎత్తి, కోరపన్ను పైన చిగురును వేలితో మెల్లగా నొక్కి వదలండి. తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. ఆలస్యమైతే రక్తం సరిగా ప్రసరించడం లేదని అర్థం. చిగుళ్లు పాలిపోయినా, నీలంగా ఉన్నా, గోధుమరంగుకు తిరిగినా అత్యవసరమే. పసుపు రంగు కనిపిస్తే లివర్ సమస్య కావచ్చు, రక్తకణాలు పగిలిపోతుండవచ్చు. అదే రోజు చూపించాలి. కొన్ని పిల్లులకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి నాలుకో, కింది కనురెప్ప లోపలి వైపో చూడండి. వేలికి చిగురు జిగటగా, పొడిగా తగిలితే ఒంట్లో నీరు తగ్గిందని గుర్తు. మెడ మీద చర్మం పట్టి లాగి చూసే పద్ధతి ముసలి పిల్లి విషయంలో నమ్మదగింది కాదు, వయసుతో చర్మం ఎలాగూ సాగుడు కోల్పోతుంది.

మగపిల్లి ఉన్నవాళ్లు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. లిట్టర్ తొట్టెలోకి (మలమూత్రాల కోసం పెట్టే ఇసుక తొట్టె) మాటిమాటికీ వెళ్లడం, ముక్కడం, రెండు చుక్కలు రావడం లేదా అసలేమీ రాకపోవడం, మూత్రం వచ్చే చోట ఆపకుండా నాకడం చూస్తే మూత్రనాళం మూసుకుపోయిందని అనుమానించాలి. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుంటారు. కిడ్నీ జబ్బున్న ముసలి పిల్లులకు మలబద్ధకం నిజంగానే వస్తుంది కాబట్టి పొరపాటు పడటం తేలిక. తేడా తెలియాలంటే తొట్టె శుభ్రం చేసి, కొత్తగా తడిసిన ఉండలు కట్టాయేమో చూడండి. మల విసర్జన కాలేదు గానీ మూత్రం ధారాళంగా వస్తోందంటే మర్నాడు చూపించొచ్చు. మూత్రం రావడం లేదంటే అర్ధరాత్రయినా సరే వెళ్లాల్సిందే. బయటకు పోని పొటాషియం రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పొట్ట నొక్కి మూత్రం తెప్పించే ప్రయత్నం చేయొద్దు, మూత్రాశయం పగలొచ్చు. ఆడపిల్లులకు నాళం మూసుకుపోవడం అరుదు, అయినా ముక్కుతుంటే అదే రోజు చూపించండి.

ఉన్నట్టుండి గట్టిగా అరిచి, వెనక కాళ్లు ఈడుస్తోందా? ఆ పాదాలను ముట్టుకుని ముందు పాదాలతో పోల్చండి. చల్లగా, అరికాళ్ల మెత్తలు పాలిపోయో నీలంగానో ఉంటే రక్తపు గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. భరించలేని నొప్పి అది. మర్దనా, కాపడం ఏదీ వద్దు, నేరుగా ఆసుపత్రికే. కీళ్లవాతం ఇలా నిమిషాల్లో రాదు. గెంతడం తగ్గించి, మెట్టు దగ్గర ఆగి ఆలోచించడంతో మొదలవుతుంది.

గోడలకు గుద్దుకుంటూ, మంచి వెలుతురులో కూడా రెండు కనుపాపలూ పూర్తిగా విప్పారి ఉంటే బీపీ బాగా పెరిగి, కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా పొర ఊడిపోయి ఉండొచ్చు. కిడ్నీ, థైరాయిడ్ జబ్బులున్న పిల్లుల్లో ఇది తరచూ కనపడుతుంది. అదే రోజు మందు పడితే కొంత చూపైనా తిరిగొచ్చే అవకాశం ఉంది.

తిండి విషయంలో గీత 24 గంటలు. రోజంతా ఏమీ ముట్టకపోతే ఫోన్ చేయండి. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వు లివర్‌లో పేరుకుని అదే మరో పెద్ద జబ్బవుతుంది. గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, మూతి తిప్పుకుందంటే ఆకలి లేక కాకపోవచ్చు. వికారమో, పంటి నొప్పో అయ్యుండొచ్చు. వెంట్రుకల ఉండ ఒకసారి కక్కి మామూలుగా తిరుగుతుంటే కంగారు లేదు. కొన్ని గంటల్లో మూడు నాలుగుసార్లు వాంతి చేసుకున్నా, రక్తం కనపడినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా ఆగొద్దు.

ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా అత్యవసరమే. ఇన్సులిన్ తీసుకునే పిల్లి తూలుతూ, వణుకుతూ ఉంటే చక్కెర పడిపోయిందేమోనని అనుమానించాలి. తేనె గానీ చక్కెర పాకం గానీ కొద్దిగా చిగుళ్లకు రుద్ది వెంటనే తీసుకెళ్లండి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పోయకూడదు.

జ్వరం చూసే అలవాటుంటే, మలద్వారంలో పెట్టిన థర్మామీటరు 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మధ్య చూపాలి. 104 దాటితే ప్రమాదం. వేలాడిపోతున్న పిల్లికి 99 కన్నా తగ్గడం అంతకన్నా ప్రమాదం. పెనుగులాడితే ఈ పరీక్ష వదిలేయండి.

లిల్లీ జాతి మొక్కల పుప్పొడి, కుండీలో పూలు పెట్టిన నీళ్లు కూడా పిల్లి కిడ్నీలను పాడుచేస్తాయి. అది నాకినట్టు అనుమానమొస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. పారాసెటమాల్ చిన్న ముక్క కూడా పిల్లికి విషం. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ గోమార్ల మందూ అంతే. ఉప్పునీళ్లు పోసి కక్కించాలని చూడకండి.

బయలుదేరేముందు ఆసుపత్రికి ఫోన్ చేసి ఊపిరి లెక్క, చిగుళ్ల రంగు, ఎప్పటినుంచి ఇలా ఉందో చెప్పండి. వాళ్లు ఆక్సిజన్ సిద్ధంగా ఉంచుకుంటారు. బుట్ట పైమూత తీసేదైతే పిల్లిని లాగాల్సిన పని ఉండదు. అడుగున తువ్వాలు పరిచి, ఇంకోటి బుట్టపైన గాలి ఆడేలా కప్పండి. వాడుతున్న మందులన్నీ సీసాలతో సహా తీసుకోండి. ఇంట్లో తూలిన పిల్లి ఆసుపత్రి బల్ల మీద భయంతో బిగుసుకుని మామూలుగానే కనపడొచ్చు. అందుకే ఇంట్లో ఊపిరి తీసే తీరు, నడక అర నిమిషం వీడియో తీసి ఉంచండి, డాక్టర్‌కు ముందు అదే చూపించండి.