లక్ష కిలోమీటర్లు దాటిన కారులో ఆ శబ్దం ఎక్కడిది?

ముందు పాటలు ఆపి, అద్దాలు దించి, శబ్దం బండి స్పీడుతో పెరుగుతోందా, ఇంజిన్ ఆర్‌పీఎంతో (ఇంజిన్ తిరిగే వేగంతో) పెరుగుతోందా అన్నది పట్టుకోండి. సగం పని అక్కడే తేలిపోతుంది.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెళ్తుంటే టకటకమంటోందా? చాలా వరకు బయటి సీవీ జాయింటే, అంటే చక్రాన్ని తిప్పే ఇరుసుకి చక్రం వైపు ఉండే కీలు. ఇంజిన్ ఆపి చక్రం వెనక చూడండి, దాన్ని కప్పే రబ్బరు తొడుగు (బూట్) చిరిగితే గ్రీజు రిమ్ లోపలి వైపంతా నల్లగా చిమ్మి ఉంటుంది. శబ్దం ఇంకా మొదలవకపోతే శుభ్రం చేసి బూట్, గ్రీజు మారిస్తే సరిపోవచ్చు గానీ, మొదలయ్యాక జాయింట్ మార్చడమే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే బండి వణికి, వదలగానే తగ్గితే గేర్‌బాక్స్ వైపు ఉండే లోపలి జాయింట్‌ని అనుమానించండి.

స్పీడుతో పెరిగే 'గూఁ' అనే మోత వీల్ బేరింగ్‌దో (చక్రం సాఫీగా తిరగడానికి ఉండే భాగం), టైర్లదో. ఎడమకి తిరిగితే బరువు కుడివైపు పడుతుంది కాబట్టి అప్పుడు మోత పెరిగితే సాధారణంగా కుడి బేరింగే. టైర్లు ముందు వెనక మార్చాక మోత కూడా మారితే, బేరింగ్ జోలికి పోకండి.

మాన్యువల్ గేర్ల బండి అయితే న్యూట్రల్‌లో క్లచ్ తొక్కి చూడండి. తొక్కితే వచ్చే శబ్దం క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్‌ది, తొక్కితే పోయేది ఎక్కువగా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తి గేర్‌బాక్స్‌లోకి వచ్చే కడ్డీ) బేరింగ్‌ది.

గేర్ ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే తుడిచి చూడండి. బూడిదరంగు మెత్తటి పేస్ట్ మామూలే, టెన్షన్ పడకండి. గోటికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే మాత్రం గేర్‌బాక్స్ విప్పించాల్సిందే.