వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందా? ముందు ఛార్జర్ చూడండి

డిజైన్ లాంటి బరువైన పనులకు వాడే వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ నిన్నటిదాకా బాగా పనిచేసి, ఉన్నట్టుండి చతికిలబడుతుంది. నక్షాలు గీసే ఆటోక్యాడ్ ప్రోగ్రాంలో గీత గీస్తే కర్సరు ఈడ్చుకుంటూ వెనకాల వస్తుంది. పావుగంటలో అయ్యే రెండరింగు (గీసిన నమూనాను నిండు బొమ్మగా మార్చే పని), భోజనం చేసి వచ్చి చూసినా సగంలోనే ఉంటుంది. ఇలాంటి యంత్రాన్ని నా దగ్గరకు తెచ్చేవారు అప్పటికే విండోస్ మళ్లీ వేయించి, ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ మార్చి ఉంటారు. ఛార్జర్ మాత్రం ఇంట్లో వదిలేసి వస్తారు. ‘మీ దగ్గర ఉంటుంది కదండీ’ అంటారు. దొంగను ఇంట్లో దాచిపెట్టి నన్ను దర్యాప్తు చేయమన్నట్టు ఉంటుంది.

ఏదీ విప్పకముందు రెండు అంకెలు చూడండి. మొదటిది ప్రాసెసర్ వేగం. ఇది విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో కనిపిస్తుంది. బరువైన పని నడుస్తున్నప్పుడే చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు వేగం తగ్గడం సహజం. రెండోది ఉష్ణోగ్రత. దానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చాలు.

వేగం పడిపోయి, వేడి 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటే కారణం సాధారణంగా దుమ్ము, లేదా ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్ అనే లోహపు భాగానికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోవడం. ఫ్యాను రెక్కలు తిరగకుండా పుల్ల అడ్డుపెట్టి గాలి కొట్టండి, పేస్ట్ మార్పించండి, పరుపు మీద పెట్టి వాడటం మానండి. మే నెల ఎండల్లో గది వేడి కూడా దీనికి తోడవుతుంది. ఇందులో చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఇక రెండో రకం. వేగం 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరో, 0.4 దగ్గరో మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. వేడి 50 డిగ్రీలు కూడా దాటదు. ఫ్యాను చప్పుడే ఉండదు. యంత్రం చల్లగా ఉంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుని జనం సాఫ్ట్‌వేర్ మీద పడతారు. చల్లగా ఉండి నెమ్మదిగా ఉంటే, నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దోషి ఛార్జరే.

వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌లకు 130, 180, 240 వాట్ల అడాప్టర్లు వస్తాయి. గుండ్రటి పిన్ను ఉన్న చాలా మోడళ్లలో, పిన్ను నడుమ సూదిలాంటి మరో సన్నటి పిన్ను కనిపిస్తుంది. కరెంటు దాని గుండా రాదు. ‘నేను ఇన్ని వాట్ల అడాప్టర్‌ను’ అనే కబురును అది ల్యాప్‌టాప్‌కు అందిస్తుంది. కబురు అందకపోతే ల్యాప్‌టాప్ భయపడుతుంది: ఇది చిన్న ఛార్జరేమో, పూర్తి బరువు వేస్తే కాలిపోతుందేమో అని. వెంటనే ప్రాసెసర్‌కు బీడీ ప్రోక్‌హాట్ అనే సంకేతాన్ని పంపుతుంది. ప్రాసెసర్ వేడెక్కిందని చెప్పే సంకేతమే ఇది. కాకపోతే, ప్రాసెసర్ చల్లగా ఉన్నా బయటి భాగాలు కూడా దీన్ని పంపగలవు. అది అందగానే ప్రాసెసర్ తన కనీస వేగానికి పడిపోతుంది.

మోసమంతా ఇక్కడే. ఛార్జర్ దీపం వెలుగుతుంది, తెర మీద ప్లగ్ గుర్తు కనిపిస్తుంది. బ్యాటరీ మాత్రం ఎక్కదు. అప్పటికే నిండుగా ఉంటే ఆ సంగతి ఎవరూ గమనించరు. అడాప్టర్‌ను గుర్తించలేకపోయానని ఆన్ చేసేటప్పుడు కొన్ని యంత్రాలు హెచ్చరిస్తాయి. మనవాళ్లు చదవకుండానే మీట నొక్కి ముందుకు పోతారు. కొన్నింటి బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆ హెచ్చరికను ఆపేసే వీలు కూడా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు దాన్ని తప్పక చూసుకోవాలి.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. విజయవాడలో స్ట్రక్చరల్ డిజైన్ చేసే మా బావగారి ల్యాప్‌టాప్ ఇలాగే మొరాయించింది. హీట్‌సింక్ విప్పాను, పేస్ట్ మార్చాను, బయోస్ అప్‌డేట్ చేశాను, విండోస్ మళ్లీ వేశాను. రెండు రోజులు పోయాయి. ‘ఏమిటయ్యా, మునుపటికన్నా ఇంకా నెమ్మదైంది’ అన్నారాయన. రెండో రోజు సాయంత్రం నా ఛార్జర్ పొరపాటున ఆయన యంత్రానికి గుచ్చాను. క్షణంలో వేగం 3 గిగాహెర్ట్జ్ దాటింది. ఆయన ఛార్జర్ తీగను దాని ఇటుకలాంటి డబ్బా చుట్టూ బిగించి చుట్టి సంచిలో పడేస్తారు. పిన్ను మెడ దగ్గర, లోపలున్న సన్నటి కబురు తీగ తెగింది. లావు తీగలు బాగానే ఉన్నాయి. మెడను ఒకవైపు వంచి పట్టుకుంటే పనిచేస్తుంది, వదిలితే ఆగుతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

అందుకే ఇప్పుడు వరుస మార్చాను. బరువైన పని నడుస్తుండగా ఛార్జర్ పీకి, బ్యాటరీ మీద వేగం చూస్తాను. పీకగానే వేగం పెరిగితే ఛార్జర్ మీద అనుమానం బలపడినట్టే. తర్వాత బయోస్ తెరిచి అడాప్టర్ వివరం చూస్తాను. అసలు వాట్ల సంఖ్య కనిపించాలి. ‘తెలియదు’ అనే అర్థం వచ్చే మాట ఉంటే మెడ, నడిమి పిన్ను పరీక్షిస్తాను. సాధారణంగా వంగిన పిన్నో, తెగిన తీగో దొరుకుతుంది. సరైన వాట్ల అసలు ఛార్జర్ తెచ్చి గుచ్చి చూడండి. లేబుల్ మీద వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి: 19.5 వోల్టులు, 9.23 ఆంపియర్లు అంటే 180. చవక నకళ్లలో కొన్ని లేబుల్ మీద 180 అని రాసుకుంటాయి గానీ కబురు సరిగా పంపవు.

మంచి ఛార్జర్‌తోనూ అదే తంతు అయితే, ల్యాప్‌టాప్ వైపు జాక్ చూడాలి. కొన్ని మోడళ్లలో అది చిన్న తీగతో విడిగా వస్తుంది, మార్చడం సులువు. కొన్నింట్లో బోర్డుకు అతికించి ఉంటుంది. జాక్ మార్చేముందు యంత్రం ఆపి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. పాత సంకేతం అలాగే నిలిచిపోయి ఉంటే తొలగిపోతుంది.

బీడీ ప్రోక్‌హాట్‌ను థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాంతో ఆపేస్తే సరిపోతుందని చెప్పేవారున్నారు. వేగం వస్తుంది, నిజమే. ఛార్జర్ నిజంగానే చిన్నదైతే అది మాడే ప్రమాదం ఉంది. పరీక్ష కోసం ఐదు నిమిషాలు ఆపండి, అంతే.

డాక్ (ఒకే తీగతో తెర, కీబోర్డు, కరెంటు అన్నీ ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) వాడేవారికి ఒక మాట. పాత యూఎస్‌బీ-సీ ప్రమాణం 100 వాట్ల దగ్గరే ఆగుతుంది. 240 వాట్ల దాకా వెళ్లే కొత్త ప్రమాణం 2021లో వచ్చింది. 180 వాట్లు కావలసిన యంత్రానికి 90 వాట్ల డాక్ గుచ్చి ‘ఛార్జింగ్‌లో ఉన్నా బ్యాటరీ తగ్గుతోంది’ అంటే తగ్గక ఏమవుతుంది? మామూలు ఫోన్ తీగైతే 60 వాట్ల దగ్గరే ఆగుతుంది.

వేగం బాగానే ఉండి రెండరింగు మాత్రం నెమ్మదిగా ఉంటే ప్రోగ్రాం విడి గ్రాఫిక్స్ కార్డు మీద కాక ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందేమో విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో చూడండి. పవర్ ప్లానులో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని ఎవరైనా 99 శాతానికి దించి ఉంటే టర్బో (అవసరమైనప్పుడు వేగం పెంచుకునే ఏర్పాటు) ఆగిపోతుంది, 100 చేయండి.

చెడిన సెన్సార్, బోర్డు మీద కరెంటు కొలిచే భాగాలు పాడవడం వంటివి అరుదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే వెంటనే వాడటం ఆపండి, దాన్ని గుచ్చకండి, మార్పించండి. ఇవేవీ కాకపోతే బోర్డు మరమ్మతు తెలిసినవారికి ఇవ్వండి. ఛార్జర్ కూడా పట్టుకెళ్లండి.