మూస్ వేటకి ముందు మాంసం మోత లెక్క

అలాస్కాలో మూస్ (పెద్ద కొమ్ములుండే భారీ దుప్పి) వేటకి ప్లాన్ వేస్తున్నారా? తుపాకీ, బూట్ల సంగతి తర్వాత. ముందు మిమ్మల్ని అడవిలో దించే చిన్న విమానం పైలట్‌ని అడగాల్సింది ఇదీ: వేట పడితే మాంసం ఎన్ని ట్రిప్పుల్లో తెస్తారు, ఒక్కో ట్రిప్పుకి ఎంత తీసుకుంటారు?

1,600 పౌన్లుండే మగ మూస్‌కి మాంసమే దాదాపు 500 పౌన్లు తేలుతుంది. తినదగ్గ మాంసం వదిలేసి కొమ్ములు పట్టుకొస్తే అక్కడ నేరం. కొన్ని ఏరియాల్లో ఎముకతో సహా తేవాలి కాబట్టి బరువు ఇంకా పెరుగుతుంది. అందుకే విమానం దిగే చోటుకి మైలు లోపు అయితేనే కాల్చాలని ముందే అనుకోండి. ఆ బురద నేలలో వెనక తొడ ఒక్కటి మోసి చూస్తే నడుమే చెబుతుంది ఎందుకో! మాంసానికి గాలాడే గుడ్డ సంచులే వాడండి, ప్లాస్టిక్‌లో పాడైపోతుంది.

విమానం దిగిన రోజు వేట కుదరదు, మర్నాడు తెల్లవారుజామున 3 దాటాలి. వాతావరణం బాగోకపోతే తిరుగు విమానం రోజుల తరబడి రాకపోవచ్చు, తిండి ఎక్కువే పెట్టుకోండి.

ఇంకోటి, ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది తనూ కాలుస్తానంటే, లైసెన్సున్న గైడ్ తప్పనిసరి.