రెండో కాలు – 3వ పాఠం: ఊనే కాలి సంగతి

ఫుట్‌బాల్‌లో వాటం లేని కాలికి, అంటే రెండో కాలికి, తన్నడం నేర్పే పాఠాలివి. పోయిన పాఠంలో గోడకు బంతి కొట్టమన్నాను. ఎడమ కాలితో, పాదం లోపలి పక్కతో, మూడు మీటర్ల దూరం నుంచి, రోజుకు వంద. నిజంగా కొట్టినవాళ్లకు ఈపాటికి ఒక వింత కనిపించి ఉంటుంది. పని చేసింది ఎడమ కాలు, లాగేసింది మాత్రం కుడి తొడ, కుడి చీలమండ. రెండో రోజు మెట్లు దిగేటప్పుడు కుడి కాలే మొరాయించి ఉంటుంది. (మీది పుట్టుకతో ఎడమ కాలి వాటమైతే, ఈ పాఠాల్లో కుడి ఎడమలు తిప్పి చదువుకోండి.)

కారణం పెద్ద చిక్కుముడేమీ కాదు. చిన్నప్పటి నుంచి మనకు కుడి కాలు తన్నేది, ఎడమ కాలు నిలబడేది, అంటే ఊనే కాలు. ఎడమతో తన్నడం మొదలుపెట్టగానే పని మారింది ఒక్క ఎడమ కాలికే కాదు, ఒంటి బరువంతా ఒంటరిగా మోయాల్సిన కుడి కాలికి కూడా. దానికి ఆ అలవాటు లేదు. అందుకే భయపడి ఒళ్లు వెనక్కి వాలుతుంది, బంతి గాల్లోకి లేస్తుంది, మనమేమో 'నా ఎడమ కాలు పనికిరాదు' అనేస్తాం. తప్పు చేసింది కుడి కాలు, తిట్లు తినేది ఎడమ కాలు!

నేను ఈ తప్పును రెండేళ్లు మోశాను. కాలేజీ రోజుల్లో ఒక మ్యాచ్‌లో గోల్‌కీపర్ కింద పడి ఉన్నాడు, ఎదురుగా ఖాళీ గోల్, బంతి నా ఎడమ కాలి ముందే ఉంది. దాన్ని కుడి కాలికి మార్చుకుందామని ఒళ్లు తిప్పాను. తిరిగేలోపు డిఫెండర్ వచ్చి బంతిని బయటికి తన్నేశాడు. ఆ సాయంత్రం జట్టులో నాతో ఎవరూ మాట్లాడలేదు. టీ కూడా నా డబ్బుతోనే తాగారు.

ఈ పాఠానికి మన గురువు ఆండ్రియాస్ బ్రేమె. 1960లో హాంబర్గ్‌లో పుట్టిన లెఫ్ట్‌బ్యాక్, అంటే ఎడమ వైపు డిఫెండర్. పశ్చిమ జర్మనీకీ, తర్వాత ఏకమైన జర్మనీకీ కలిపి 86 మ్యాచ్‌లు ఆడి 8 గోల్స్ కొట్టాడు. 2024 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో పోయాడు, 63 ఏళ్లకే. ఇతనిది కుడి కాలి వాటమో ఎడమ కాలి వాటమో ఎన్నో ఏళ్లుగా చూస్తున్న జట్టు కోచ్ బెకెన్‌బావర్ కూడా తేల్చుకోలేకపోయాడని చెబుతారు.

అలాగని బ్రేమెకు రెండు కాళ్లూ ఒకేలా ఉండేవి అనుకోకండి. పెనాల్టీలు (కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టేవి) మామూలుగా కుడి కాలితో కొట్టేవాడు. ఫ్రీకిక్‌లు, కార్నర్లు ఎడమ కాలితో. కుడిది గురి తప్పదు, ఎడమది జోరు ఎక్కువ. అంటే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఉంటే ఒకడికి లెక్కలు, ఒకడికి పొలం అప్పజెప్పినట్టు. మన చాలామంది కోచ్‌లు రెండో కాలిని మొదటి కాలితో సమానం చేయాలని పట్టుబడతారు. నాకది నచ్చదు. సమానం కావాలంటే ఏళ్లు పడుతుంది. రెండో కాలికి ఒకటో రెండో పనులు నమ్మకంగా వస్తే చాలు, మ్యాచ్‌లో మీరు వేరే ఆటగాడైపోతారు.

ఇప్పుడు 1990 జులై 8, రోమ్‌లోని ఒలింపిక్ స్టేడియానికి పోదాం. ప్రపంచకప్ ఫైనల్, పశ్చిమ జర్మనీ, అర్జెంటీనా. ఆట అంత అందంగా ఏమీ లేదు, నిజం చెప్పాలంటే విసుగు. 85వ నిమిషంలో పెనాల్టీ బాక్స్‌లో అర్జెంటీనా డిఫెండర్ సెన్సీని అడ్డుపడటంతో జర్మనీ ఫార్వర్డ్ రూడీ ఫోలర్ పడిపోయాడు, మెక్సికో రెఫరీ కొడెసాల్ పెనాల్టీ ఇచ్చాడు. అర్జెంటీనా ఆటగాళ్లు రెఫరీని చుట్టుముట్టారు. అప్పటికే వాళ్లలో ఒకడికి రెడ్ కార్డు పడింది.

ఆ పెనాల్టీ కొట్టాల్సింది కెప్టెన్ లోథార్ మథాయస్. క్వార్టర్ ఫైనల్లో చెకోస్లొవేకియా మీద పెనాల్టీ కొట్టి గెలిపించింది ఆయనే. కానీ ఫైనల్ మొదటి సగంలో ఆయన బూటు పాడైంది. హాఫ్ టైమ్‌లో వేరే జత వేసుకున్నాడు, ఆ జత మీద ఆయనకు నమ్మకం కుదరలేదు. బంతి బ్రేమెకు వదిలేశాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ప్రపంచంలో అప్పటి మేటి ఆటగాళ్లలో ఒకడు, కాలి కింద నేల మీద నమ్మకం లేదని ప్రపంచకప్ పెనాల్టీని వదులుకున్నాడు. మన పాఠం మొత్తం ఇదే. తన్నే కాలికి ఎంత విద్య ఉన్నా, ఊనే కాలు అటూ ఇటూ అయితే ఆ విద్య అక్కరకు రాదు.

ఎదురుగా ఉన్నది సెర్హియో గోయ్‌కోచియా. టోర్నీ మొదలైనప్పుడు రెండో కీపర్. మొదటి కీపర్ పుంపీదో కాలు విరగడంతో వచ్చి, యుగోస్లావియా మీద, ఇటలీ మీద పెనాల్టీ షూటౌట్లలో (స్కోరు సమమైతే వరుసగా కొట్టే పెనాల్టీలు) బంతులు ఆపి జట్టును ఫైనల్ దాకా తెచ్చాడు. బ్రేమె కుడి కాలి లోపలి పక్కతో కింద నుంచి, కీపర్ కుడి వైపు పోస్టు పక్కకు కొట్టాడు. గోయ్‌కోచియా సరైన వైపే దూకాడు. ఒళ్లంతా సాచినా అందలేదు. 1-0, కప్పు జర్మనీది.

అదే మనిషి నాలుగేళ్ల ముందు, 1986 క్వార్టర్ ఫైనల్లో, మాంటెరేలో మెక్సికో మీద షూటౌట్‌లో పెనాల్టీని ఎడమ కాలితో కొట్టాడు. అదీ గోలే. వీలైతే ఆ రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. తన్నే కాలిని కాదు, నేల మీద ఊనిన కాలిని చూడండి. వీడియో నెమ్మదిగా నడిపించి, బంతి తగిలే క్షణంలో ఆపండి. మొదటి రెండు మూడు సార్లు మీ కన్ను బంతి వెంటే పోతుంది. పర్లేదు, మళ్లీ చూడండి.

ఇప్పుడు మన పని. ఒక సుద్దముక్క కావాలి, లేదా ఇటుక ముక్క. నేల మీద బంతి పెట్టి, దానికి కుడి పక్కన జానెడు దూరంలో మీ కుడి పాదం గీత గీయండి. పాదం వేళ్లు గోడ మీద మీరు ఎంచుకున్న గుర్తు వైపు చూడాలి. పాదం బంతికి మరీ వెనక పడితే బంతి లేస్తుంది. మరీ ముందుకు పోతే కాలు బంతి మీద అణిగి, బంతి నేలకు అతుక్కుపోతుంది. వేళ్లు పక్కకు తిరిగితే బంతి కూడా ఆ పక్కకే పోతుంది, అది మాత్రం మీరు అడక్కుండానే జరుగుతుంది.

రెండడుగులు వెనక్కి వేసి, నడుస్తూ వచ్చి, కుడి పాదాన్ని ఆ గీతలో పెట్టి ఆగిపోండి. తన్నొద్దు. మోకాలు కొద్దిగా వంచి, ఎడమ కాలు వెనక్కి లేపి, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడండి. తూలితే మళ్లీ మొదటి నుంచి. ఇలా పది సార్లు నిలబడగలిగాకే బంతి తన్నడం. చాలామందికి ఇది చిన్నపిల్లల ఆటలా అనిపించి మూడో సారికే వదిలేస్తారు. వదిలేసినవాళ్లు వచ్చే పాఠానికి రావద్దు అనను గానీ, వస్తే వాళ్లకే కష్టం. పళ్లు తోముకునేటప్పుడు కుడి కాలి మీద ఒక నిమిషం నిలబడటం కూడా ఇందులో భాగమే. బ్రష్ చేతి కదలికకు ఒళ్లు ఊగుతుంది, ఆ ఊపును చీలమండ సర్దుకోవాలి. తడి నేల మీద మాత్రం వద్దు.

రెండో కాలు మ్యాచ్‌లో ఎందుకు పనికొస్తుందో అదే 1990లో, మిలాన్‌లో నెదర్లాండ్స్ మీద బ్రేమె చూపించాడు. అప్పటికి ఆయన ఇంటర్ మిలాన్ ఆటగాడు, ఆ సాన్ సీరో స్టేడియం ఆయన సొంత మైదానమే. లెఫ్ట్‌బ్యాక్ ఎడమ వైపు నుంచి వస్తుంటే ఎదుటివాళ్లు ఎడమ కాలి క్రాస్ కోసం, అంటే పక్క నుంచి గోల్ ముందుకు పంపే బంతి కోసం, కాచుకుంటారు. ఆయన బాక్స్ ఎడమ అంచు నుంచి కుడి కాలితో బంతిని వంపు తిప్పి దూరపు పోస్టు వైపు పంపాడు. జర్మనీ 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో రెండో గోల్ అదే. వంపు బంతి మనకు ఆరో పాఠంలో. ఇప్పుడే ప్రయత్నించి మోకాలు నొప్పించుకోవద్దు.

బ్రేమె ఆడిన క్లబ్‌ల సంగతి క్లుప్తంగా. సార్‌బ్రూకెన్, కైజర్స్‌లౌటర్న్, 1986లో బయర్న్ మ్యూనిక్, 1988లో మథాయస్‌తో కలిసి ఇంటర్. మొదటి సీజన్‌లోనే ఇంటర్ 34 మ్యాచ్‌ల్లో 58 పాయింట్లతో ఇటలీ లీగ్ గెలిచింది, గెలుపుకు రెండే పాయింట్లు ఇచ్చే రోజుల్లో. తర్వాత స్పెయిన్‌లో ఒక సీజన్ సారగోసాకు ఆడి, 1993లో మళ్లీ కైజర్స్‌లౌటర్న్. 1996లో ఆ జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. చివరి మ్యాచ్ లెవర్‌కూసెన్‌తో, 1-1 డ్రా. బ్రేమె ఏడుస్తూ తల ఆనించింది ఎదుటి జట్టులో ఉన్న ఫోలర్ భుజం మీద. రోమ్‌లో పెనాల్టీ తెచ్చిపెట్టిన ఆ ఫోలరే. అప్పటికి 35 దాటినా బ్రేమె జట్టును వదల్లేదు. 1997లో పైకి తిరిగొచ్చారు, 1998లో ఏకంగా జర్మనీ అగ్ర లీగ్ బుండెస్‌లీగా గెలిచారు. ఆయన ఆటకు సెలవు చెప్పింది ఆ కప్పుతోనే.

సరే, ఈ వారం హోంవర్క్. మొదటి మూడు రోజులు గీతలో నిలబడటం మాత్రమే, రోజుకు పది చొప్పున రెండు విడతలు. నాలుగో రోజు నుంచి ఎడమ కాలితో గోడకు యాభై. ప్రతి దెబ్బ తర్వాత గోడ వైపు కాదు, కిందికి చూడండి, పాదం గీతలో ఉందా లేదా. ఉంటే కాగితం మీద టిక్కు, లేకపోతే సున్నా. బంతి గుర్తుకు తగిలిందా అన్నది ఈ వారం లెక్కలోకి రాదు. వచ్చే పాఠంలో బంతి కదులుతూ వస్తుంది, గీత ఉండదు. ఒక పాత టెన్నిస్ బంతి దగ్గర పెట్టుకోండి, ఆ టిక్కుల కాగితం కూడా పారేయకండి.