నాలుగు లేన్ల రోడ్డులో సైకిల్ దారి ఎలా ఇరికించాలి

సైకిల్ దారి అనగానే ఎదురయ్యే ప్రశ్న "చోటేదీ?" అని. టేపు పట్టి కొలవండి. లేన్‌కు 3.5 మీటర్ల చొప్పున నాలుగు లేన్లంటే 14 మీటర్లు. దాన్ని పోవడానికొకటి, రావడానికొకటి, నడుమ మలుపు తిరిగేవాళ్లకొకటిగా మూడు లేన్లు చేయండి. బస్సులు తిరిగే రెండింటికీ 3.25, నడిమిదానికి 3 మీటర్లు ఇస్తే 9.5. మిగిలిన 4.5లో ఒక్కో పక్కకు 2.25 మీటర్లు: సైకిల్‌కు 1.65, కార్ల నుంచి వేరుచేసే అడ్డుకట్టకు 0.6. సైకిల్‌ను సైకిల్ హాయిగా దాటాలంటే 2 మీటర్లు కావాలి. 1.5కు తగ్గేటట్టయితే వేయకపోవడమే మేలు.

రోజుకు 20 వేల వాహనాల లోపు తిరిగే రోడ్లలో ఈ మార్పుతో కార్లకు పెద్దగా ఇబ్బంది రాదు. ఎందుకంటే రోడ్డు ఎన్ని వాహనాలను మోస్తుందో తేల్చేది దాని వెడల్పు కాదు, చివర ఉన్న సిగ్నల్. గంటసేపూ పచ్చలైటే ఉంటే ఒక లేన్‌లో సుమారు 1,800 కార్లు దాటతాయి. పచ్చ 40 శాతమే వెలిగితే 720. పైగా మలుపు కోసం ఆగిన కారు లోపలి లేన్‌ను ఎటూ మూసేస్తూనే ఉంటుంది. 20 వేలు దాటిన రోడ్డులో మాత్రం జంక్షన్ లెక్క వేయకుండా లేన్ తీయకండి. అక్కడ ముందు పార్కింగ్ చోటు తీయొచ్చేమో చూడండి.

ఉత్త పెయింట్ గీత అయితే దాని మీద కార్లు ఆపేస్తారు. దిమ్మెలు పెట్టండి, దిమ్మెకూ దిమ్మెకూ మధ్య సందు 1.5 మీటర్లు మించనివ్వకండి. ఆ సందులు అసలు లేకుండా కట్టినా ముప్పే: వాన నీరు పారేది రోడ్డు అంచుకే, అంటే సైకిల్ దారిలోకే, సందు లేకపోతే అది కార్ల వైపే నిలిచిపోతుంది. మోటారు సైకిళ్లను ఏ స్తంభమూ ఆపలేదు. అవి పట్టని సందులో సరుకుల సైకిలూ పట్టదు. మోటారు సైకిళ్లను ఆపడం పోలీసుల పని. పార్కింగ్ పక్కనుంచి దారి వెళ్తే అడ్డుకట్ట మీటరు దాకా ఉండాలి, తెరుచుకునే కారు తలుపు అంత చోటు తింటుంది.

డ్రైనేజీ జాలీలు ఒక్కొక్కటీ వంగి చూడండి. కడ్డీలు సైకిల్ వెళ్లే దిక్కుకు అడ్డంగా ఉండాలి. అదే దిక్కుకు ఉంటే సన్న టైరు దిగిపోయి మనిషి ముందుకు పడతాడు. తారు మీద తారు వేసినప్పుడు మ్యాన్‌హోల్ మూతలు గుంటలవుతాయి. వాటిని లేపకపోతే సైకిళ్లు మళ్లీ కార్ల మధ్యకే వస్తాయి, "దారి వేసినా వాడరు" అన్న మాట అక్కడే పుడుతుంది.

అసలు పరీక్ష జంక్షన్. చాలాచోట్ల దారిని సరిగ్గా దాని ముందే తెంచేస్తారు, ప్రమాదం ఎక్కువున్న చోటే రక్షణ పోతుంది. తెంచకండి. మూల వంపు వ్యాసార్ధం 10 మీటర్లుంటే 5కు తగ్గించండి, తిరిగే కారు వేగం తానే తగ్గుతుంది. సైకిళ్లు అడ్డంగా దాటే చోటును ప్రధాన రోడ్డు అంచు నుంచి 5 మీటర్లు పక్క వీధిలోకి జరిపితే, తిరిగిన కారు ఆగి దారివ్వడానికి ఆ మధ్యలో చోటుంటుంది. సైకిళ్ల నిలుపు గీత కార్ల గీతకు 4 మీటర్లు ముందుండాలి, పచ్చలైటు 3 నుంచి 5 సెకన్లు ముందుగా రావాలి. రెండు దిక్కుల సైకిళ్లనూ ఒకే పక్కన నడిపితే గీయడానికి తేలికే కానీ, పక్క వీధి నుంచి వచ్చే డ్రైవర్ కార్లు వచ్చే దిక్కే చూస్తాడు, ఎదురు దిక్కున వచ్చే సైకిల్ అతనికి కనబడదు.

బస్ స్టాపు దగ్గర దారిని స్టాపు వెనకనుంచి తిప్పండి. దిగేవాళ్లకు 2.5 మీటర్ల వెడల్పు దిమ్మ చాలు.

ముక్కలు ముక్కలుగా వేస్తే జనం రారు. స్పెయిన్‌లోని సెవిల్ నగరం 2006 తర్వాత నాలుగైదేళ్లలోనే 100 కిలోమీటర్లకు పైగా ఒకదానికొకటి కలిసిన దారులు, అన్నీ రక్షణతో, వేసింది. అక్కడ సైకిళ్లు ఎన్నో రెట్లు పెరిగింది అందుకే.

కాంక్రీటు పోసేముందు ఒక నెల కోన్లు, నీళ్ల డ్రమ్ములతో నడిపి చూడండి. పెట్టకముందూ పెట్టాకా వారంలో అదే రోజున, అదే గంటలో సైకిళ్లను, సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల వరస పొడవును లెక్కించండి. మొదటి వారం లెక్క పక్కన పెట్టేయండి, డ్రైవర్లు కొత్త దారులు వెతుక్కునేది అప్పుడే. పక్క వీధుల్లో కార్లు పెరిగాయేమో కూడా అదే పుస్తకంలో రాసుకోండి. పెరిగితే ఆ వీధుల మొదట్లో అడ్డు పెట్టాలి తప్ప, సైకిల్ దారిని ఎత్తేయకూడదు.