ఆయిల్ గేజ్ ముల్లు కిందికి దిగితే: పాత కారులో అసలు జబ్బు పట్టుకోవడం ఎలా?

ముల్లు కిందికి దిగిందని చెప్పగానే ఒక మెకానిక్ "గేజ్ పోయింది, వదిలేయండి" అంటాడు. ఇంకో మెకానిక్ "బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాలి" అంటాడు. ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ ఎంతుందో మాత్రం ఇద్దరూ కొలవరు. కొలవడానికి కావాల్సింది వెయ్యి పనిముట్లు కాదు, ఒక్క మెకానికల్ గేజ్. అది పెట్టి చూడకముందు ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి.

ఇక్కడ లెక్కలన్నీ 1489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. జీపులకీ మిగతా పాత బండ్లకీ పద్ధతి ఇదే, అంకెలు మాత్రం ఆయా ఇంజిన్ మాన్యువల్ చూసుకోవాలి.

ముందుగా ఒక మాట. నడుస్తున్న బండిలో ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడితే, లేదా ఎర్ర లైటు వెలిగితే, వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఇంకో రెండు కిలోమీటర్లేగా అని లాగితే బేరింగ్ షెల్ (బేరింగ్ లోపలి పల్చటి రేకు) క్రాంక్‌కి, అంటే ఇంజిన్ ప్రధాన ఇరుసుకి, అంటుకుపోతుంది. ఈ వ్యాసం ముల్లు మెల్లగా దిగుతూ వచ్చిన బండ్ల గురించి.

కావాల్సినవి

0 నుంచి 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దాకా చూపే మెకానికల్ ప్రెషర్ గేజ్, ఆయిల్‌ని, వేడిని తట్టుకునే హైడ్రాలిక్ గొట్టం ఒక మీటరు, సెండర్ (ఇంజిన్ బ్లాకుకి బిగించి ఉండే, ప్రెషర్‌ని గేజ్‌కి తెలిపే భాగం) మరకి సరిపోయే అడాప్టర్, రాగి వాషర్లు, పానాల సెట్టు, మల్టీమీటర్, గుడ్డలు. గేజ్, గొట్టం సికింద్రాబాద్ రాణిగంజ్‌లాంటి హార్డ్‌వేర్ బజార్లలో దొరుకుతాయి. అడాప్టర్ దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లోనో మీ ఊళ్లోనో లేతు మిషన్ దగ్గర చేయించుకోవచ్చు. టైర్లలో గాలి చూసే గేజ్, అక్వేరియం ప్లాస్టిక్ గొట్టం పనికిరావు.

1. డిప్‌స్టిక్

బండి సమతలం మీద పెట్టి, ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక ఆయిల్ మట్టం చూపే ఈ కడ్డీ తీసి చూడండి. ఆయిల్ తక్కువుంటే పోసి మళ్లీ గేజ్ చూడండి. మలుపు తిరిగేటప్పుడో బ్రేకు వేసినప్పుడో మాత్రమే ముల్లు పడి లేస్తుంటే చాలాసార్లు కారణం ఇదే. ఆయిల్ ఒక పక్కకు జరిగి పంపు గాలి పీలుస్తుంది.

మట్టం ఒక్కటే చూసి ఊరుకోవద్దు, వాసన కూడా చూడండి. మెకానికల్ పెట్రోల్ పంపులో డయాఫ్రం (లోపలి పల్చటి పొర) చిరిగితే పెట్రోల్ చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దిగుతుంది. ఆయిల్ మట్టం పెరుగుతుంది, ప్రెషర్ తగ్గుతుంది. పోయకుండానే మట్టం పెరిగితే సంతోషించకండి. పాల టీ రంగులో నురగ కనిపిస్తే నీళ్లు కలిశాయి, ముందు హెడ్ గాస్కెట్ సంగతి చూడాలి.

ఆయిల్ ఏ గ్రేడో, అంటే ఎంత చిక్కటిదో, కూడా తెలుసుకోండి. కొత్త కార్లకి పోసే 5డబ్ల్యూ-30 మంచిదనీ ఖరీదైనదనీ తెచ్చి పాత ఇంజిన్‌లో పోసేవాళ్లున్నారు. ఆ ఇంజిన్ బేరింగ్ సందులకి అది మరీ పల్చన. మన ఎండలకి ఈ ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 సరిపోతుంది. అయితే, ప్రెషర్ పడిపోయిన ఇంజిన్‌లో చిక్కటి ఆయిలో, సీసాలో అమ్మే చిక్కబరిచే మందో పోసి ముల్లు పైకి లేపడం వైద్యం కాదు. జ్వరం తగ్గించకుండా థర్మామీటర్‌ని చన్నీళ్లలో ముంచినట్టు.

2. వైరు, పైపు, గేజ్

మీ బండిలో గేజ్ ఏ రకమో ముందు తేల్చుకోండి. డ్యాష్‌బోర్డు వెనక్కి సన్నటి రాగి పైపు వస్తే మెకానికల్, వైరు వస్తే ఎలక్ట్రికల్.

మెకానికల్ అయితే పైపు ఎక్కడైనా నలిగిందా, నట్ల దగ్గర తడి ఉందా చూడండి. రాగి పైపు ఇంజిన్ అదురుకి గట్టిపడి చీలుతుంది. అందుకే ఇంజిన్ దగ్గర పైపుని ఒక చుట్ట చుట్టి వదులుతారు. ఆ చుట్టని తిన్నగా లాగేసి "నీటుగా" బిగించిన పైపు ఎప్పుడో ఒకప్పుడు విరిగి వేడి ఆయిల్‌ని డ్రైవర్ కాళ్ల మీద చిమ్ముతుంది.

ఎలక్ట్రికల్ అయితే ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, సెండర్ వైరు పీకి చూడండి. తర్వాత ఆ వైరు కొసని రెండు మూడు సెకన్లు మాత్రమే ఇంజిన్ బాడీకి ఆనించండి. ముల్లు ఒకసారి ఈ చివరకీ ఒకసారి ఆ చివరకీ పోతే గేజ్, వైరు రెండూ బాగున్నట్టు. ఏది ఏ చివరకి అన్నది సెండర్ రకాన్ని బట్టి మారుతుంది. ప్రెషర్ లేనప్పుడు 10 ఓమ్‌లు ఉండి పెరుగుతూ 180 దాకా పోయేవి కొన్ని, 240 దగ్గర మొదలై 33కి దిగేవి కొన్ని. ఒక రకం గేజ్‌కి ఇంకో రకం సెండర్ బిగిస్తే ముల్లు జన్మలో నిజం చెప్పదు. సెండర్ మార్చాకే ఈ గొడవ మొదలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఆయిల్‌తో పాటు పెట్రోల్, టెంపరేచర్ ముళ్లు కూడా తప్పు చూపిస్తుంటే ఇంజిన్ జోలికి వెళ్లొద్దు. మీటర్ బోర్డు ఎర్త్, వోల్టేజ్ స్టెబిలైజర్ చూడండి.

3. అసలు ప్రెషర్ కొలవడం

అందరూ పాడుచేసేది ఈ పనినే, కాబట్టి నిదానంగా చదవండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక సెండర్ విప్పండి. పైన డబ్బాలా ఉన్న భాగాన్ని పట్టి తిప్పకండి, అది ఊడి చేతికొస్తుంది. కింద ఆరు పలకల భాగానికి సరైన సైజు పానా వేసి తిప్పాలి.

ఇప్పుడు అడాప్టర్. ఇక్కడ వాడే మరల్లో ఎక్కువగా కనిపించేవి 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు మర), 1/8 బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర). చూడ్డానికి రెండూ ఒకటే. మొదటిదానికి అంగుళానికి 27 చుట్లు, రెండోదానికి 28. ఒకదాంట్లో ఇంకోటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. "టైటుగా ఉంది, బాగా పట్టింది" అనుకుని పానాతో బలం పెడితే బ్లాకులో మర పోతుంది. వంద రూపాయల అడాప్టర్ కోసం బ్లాకు పాడుచేసుకున్నట్టు. చేత్తో కనీసం నాలుగు చుట్లు ఎక్కాలి. ఎక్కకపోతే అది మీ మర కాదు. పాత సెండర్‌ని పట్టుకెళ్లి, మర గేజ్ ఆనించి చూసి తెచ్చుకోండి.

గొట్టం బిగించాక ఫ్యాన్‌కీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ (ఇంజిన్ పొగ బయటికొచ్చే వేడి గొట్టాలు) దూరంగా తిప్పి, రెండు చోట్ల కట్టి, బానెట్ సందులోంచి బయటికి తీసి, గేజ్‌ని వైపర్ దగ్గర డ్రైవర్‌కి కనపడేలా కట్టండి. స్టార్ట్ చేసి పది సెకన్లలో ఆపేసి, జాయింట్లన్నీ వేలితో తడిమి చూడండి. తడి ఉంటే బిగించాలి. వేడి మానిఫోల్డ్ మీద ఆయిల్ చిమ్మితే మంట అంటుకుంటుంది, అందుకే ఇంత జాగ్రత్త.

ఇప్పుడు కొలత. చల్లటి ఇంజిన్‌లో వచ్చే అంకె చూసి మురిసిపోకండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, అరిగిపోయిన ఇంజిన్ కూడా పొద్దున్నే 60 చూపిస్తుంది. టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే ఇంజిన్ వేడెక్కిందనుకోవడం ఇంకో పొరపాటు. అది నీళ్ల వేడి. ఆయిల్ వేడెక్కడానికి అంతకు రెండు మూడింతల సమయం పడుతుంది. నిలబెట్టి ఐడిలింగ్‌లో పెడితే సరిపోదు, ఇరవై ఇరవై అయిదు నిమిషాలు రోడ్డు మీద తిప్పాలి. ఈ ఇరవై నిమిషాలు ఓపిక పట్టలేకే మంచి ఇంజిన్లు విప్పేస్తున్నారు, చెడ్డ ఇంజిన్లు వదిలేస్తున్నారు.

నాలుగు అంకెలు కాగితం మీద రాసుకోండి: చల్లగా ఐడిలింగ్‌లో, వేడిగా ఐడిలింగ్‌లో, వేడిగా 2000 ఆర్‌పీఎం దగ్గర, వేడిగా 3000 దగ్గర. టాకోమీటర్ లేకపోతే అంబాసిడర్‌లో టాప్ గేరులో 50 కిలోమీటర్ల వేగం సుమారుగా 2000 అనుకోవచ్చు. ఈ ఇంజిన్‌లో వేడి మీద, రోడ్డు వేగంలో 50 పీఎస్ఐ చుట్టుపక్కల, ఐడిలింగ్‌లో 15 ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. చాలా పాత ఇంజిన్లకి పనికొచ్చే ముతక లెక్క ఒకటుంది: ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ. మీ గేజ్ మీద కిలోలుంటే, చదరపు సెంటీమీటరుకి ఒక కిలో అంటే 14 పీఎస్ఐ పైచిలుకు.

అంకెలు బాగుంటే జబ్బు సెండర్‌లోనే. కొత్తది బిగించేటప్పుడు మర మొత్తానికి టెఫ్లాన్ టేపు చుట్టకండి. ఒక్క వైరుండే సెండర్‌కి ఆ మరే ఎర్త్. టేపు చుట్టి ఎర్త్ తెంపేసి, కొత్త సెండర్ కూడా దొంగదే అని తిట్టుకునేవాళ్లు ఎందరో. లీకు భయముంటే మొదటి చుట్టు వదిలి సీలెంట్ పల్చగా రాస్తే చాలు.

4. అంకెలు నిజంగానే తక్కువగా ఉంటే

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిలింగ్‌లో పడిపోయి, యాక్సిలరేటర్ ఇస్తే చక్కగా పైకొస్తుంటే బేరింగులు అరిగాయి. లేదా ఆయిల్ పల్చబడింది. కాబట్టి ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చి మళ్లీ కొలవండి. ఫిల్టర్ గిన్నెలా విడిగా ఉండే రకమైతే ఫిల్టర్ హెడ్ గాడిలోని పాత రబ్బరు రింగుని సూదితో పూర్తిగా తీశాకే కొత్తది వేయాలి. రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడితే ఆయిలంతా రోడ్డు పాలు.

ఐడిలింగ్‌లో బాగుండి, వేగం పెంచినా ముల్లు 25, 30 దగ్గరే ఆగిపోతే తప్పు రిలీఫ్ వాల్వ్‌ది (ప్రెషర్ మితిమీరితే తెరుచుకుని ఆయిల్‌ని వెనక్కి వదిలే వాల్వు). వేగం పెంచేకొద్దీ ముల్లు తగ్గితే చాంబర్‌లో పంపు ఆయిల్ పీల్చే జాలి మడ్డితో మూసుకుపోయింది. చల్లగా, వేడిగా, ఏ వేగంలోనైనా తక్కువే అయితే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుని ఉండొచ్చు, పంపైనా అరిగి ఉండొచ్చు. సులువుగా అందేది వాల్వే కాబట్టి ముందు దాన్నే తీయండి.

ఈ ఇంజిన్‌లో అది మానిఫోల్డ్‌ల వైపు, బ్లాకు వెనక చివర, గుండ్రటి తల ఉన్న పెద్ద నట్టు కింద ఉంటుంది. నట్టు తీస్తే స్ప్రింగు వస్తుంది, లోపల చిన్న గిన్నె లాంటి వాల్వు ఉంటుంది. రాకపోతే స్క్రూడ్రైవర్‌తో గీకకండి. కొస సన్నగా చెక్కిన కర్ర ముక్కని గిన్నెలోకి నొక్కి లాగితే వస్తుంది. వాల్వు కూర్చునే అంచు మీద గీతలు, కింద చిక్కుకున్న మడ్డి లేదా లోహపు రజను ఉన్నాయేమో చూడండి. కడిగి, ఆయిల్ రాసి, చేత్తో పెడితే తన బరువుకి జారాలి. స్ప్రింగుని కొత్త స్ప్రింగు పక్కన నిలబెట్టి పొడవు పోల్చండి. పొట్టిగా ఉంటే మార్చండి. నట్టు కింది ఫైబర్ వాషర్లు ఎలా వచ్చాయో అలాగే, కొత్తవి వేయాలి.

స్ప్రింగు వెనక వాషర్లు పేర్చే అలవాటు గురించి చెప్పి తీరాలి. ఐడిలింగ్‌లో ప్రెషర్ తక్కువుందని స్ప్రింగు బిగిస్తారు. ప్రెషర్ 15 దగ్గరున్నప్పుడు ఆ వాల్వు మూసుకునే ఉంటుంది, స్ప్రింగు ఎంత బిగించినా మూసిన తలుపుకి ఇంకో గడియ పెట్టినట్టే. ఐడిలింగ్ అంకె కదలదు. పైగా పొద్దున్నే ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు వాల్వు తెరుచుకోక ప్రెషర్ మితిమీరి, ఫిల్టర్ సీలు తన్నుకుపోతుంది, పంపు డ్రైవ్ మీద బరువు పడుతుంది. మీ బండిలో ఎవరైనా వాషర్ వేసి ఉంటే తీసి పారేసి, మళ్లీ కొలవండి.

5. చాంబర్ దించాల్సి వస్తే

వాల్వు బాగుంటే చాంబర్ దించి జాలి కిరోసిన్‌లో కడగండి. పంపుకి వెళ్లే పైపు జాయింట్ వదులైనా పంపు గాలి పీలుస్తుంది, అదీ చూడండి. రోటర్ పంపు అయితే రోటర్ల మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్ దూర్చండి. సందు 5 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఐదు), అంటే 0.127 మిల్లీమీటరు, దాటితే పంపు బాడీ ముఖాన్ని అద్దం మీద పరిచిన ఎమరీ కాగితంతో సమంగా రుద్ది తగ్గించవచ్చు. రోటర్ల మీద లోతు గీతలుంటే పంపు మార్చడమే.

చాంబర్ ఎలాగూ దిగింది కాబట్టి ఒక బిగ్‌ఎండ్ క్యాప్ (కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్ మూత), ఒక మెయిన్ క్యాప్ (క్రాంక్‌ని బ్లాకుకి పట్టి ఉంచే బేరింగ్ మూత) విప్పి షెల్స్ చూడండి. బూడిద రంగు పూత కింద రాగి రంగు కనిపిస్తే షెల్స్ అయిపోయాయి. క్రాంక్‌ని మైక్రోమీటర్‌తో కొలవకుండా కొత్త షెల్స్ వేయడం వృథా. జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) కోడిగుడ్డు ఆకారానికి అరిగి ఉంటే ముందు గ్రైండింగ్, తర్వాత అండర్‌సైజు షెల్స్. కొత్త పంపు వేసి అరిగిన బేరింగులు వదిలేస్తే డబ్బు పోయినా ముల్లు లేవదు.

తిరిగి బిగించేటప్పుడు పంపు నిండా ఆయిల్ పోసి బిగించండి. ఎండిన పంపు ఆయిల్‌ని పైకి లాగలేదు. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు పక్కకు పెట్టి, టెస్ట్ గేజ్ అలాగే ఉంచి, స్టార్టర్‌ని పది సెకన్ల చొప్పున మధ్యలో విశ్రాంతినిస్తూ తిప్పండి. ముల్లు కదిలి నిలకడగా నిలిచాకే ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయాలి. స్టార్ట్ అయిన వెంటనే రేస్ చేయకండి. మళ్లీ ఇరవై నిమిషాలు తిప్పి, అవే నాలుగు అంకెలు పాత కాగితం మీదే పక్కన రాసి, ఆ కాగితాన్ని బండి కాగితాలతో పాటు ఉంచండి.