హోమ్ థియేటర్ రిసీవర్ కొనే ముందు వేడి, గాలి, మన్నిక సంగతి ఎలా చూసుకోవాలి?

ఏవీ రిసీవర్ (టీవీకి బొమ్మను, స్పీకర్లకు శబ్దాన్ని పంపే డబ్బా) కొనేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని ఛానెళ్లు (అంటే ఎన్ని స్పీకర్లను నడుపుతుంది), ఎన్ని వాట్లు, డాల్బీ అట్మాస్ ఉందా అనే. దాన్ని ఎక్కడ పెట్టాలన్న ఆలోచన మాత్రం అట్టపెట్టె ఇంటికొచ్చాకే వస్తుంది. టీవీ యూనిట్ కింది అరలోకి ఎలాగోలా తోసేసి, అద్దాల తలుపు మూసేస్తారు. కొన్నాళ్లకు బొమ్మ రావడం మానేస్తే ‘ఈ బ్రాండే అంత’ అనేస్తారు. బ్రాండ్ తప్పులు ఉండవని కాదు, కింద వాటి సంగతీ చెప్తాను. కానీ లోపల ఏ పార్టులు వేశారన్నది మన చేతిలో లేదు. వాటికి గాలాడే చోటు ఇవ్వడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. అందుకే ముందు చోటు తేల్చుకుని, ఆ తర్వాతే మోడల్ చూడండి.

ఆ వేడి ఎక్కడిది?

రిసీవర్ అంటే ఒకే డబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్, ఏడో తొమ్మిదో ఆంప్లిఫయర్లు, హెచ్‌డీఎంఐ బోర్డు, సౌండ్ ప్రాసెసర్, వైఫై అన్నీ కుక్కిన పరికరం. ఎక్కువ మోడళ్లలో ఆంప్లిఫయర్లు క్లాస్ ఏబీ రకం. వీటిలోకి వెళ్లే కరెంటులో పెద్ద వాటా శబ్దంగా కాదు, వేడిగా బయటికొస్తుంది. వాల్యూమ్ తగ్గించినంత మాత్రాన ఇది ఆగిపోదు. ఏ పాటా లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా చాలా రిసీవర్లు 40 నుంచి 100 వాట్ల దాకా తీసుకుంటాయి. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బును మూసిన అరలో నాలుగు గంటలు వెలిగించి ఉంచితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, పరిస్థితి అదే.

వేడికి ముందు దెబ్బతినేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు నిల్వ ఉంచుకునే పార్టులు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. ఒక కెపాసిటర్ మీద ‘105 డిగ్రీలు, 2000 గంటలు’ అని ఉందనుకుందాం. అది 65 డిగ్రీల దగ్గర పనిచేస్తే ఆ లెక్క ప్రకారం 32,000 గంటలు రావాలి. 75 డిగ్రీలైతే 16,000 గంటలే. రోజుకు నాలుగు గంటల వాడకంలో మొదటిది సుమారు 22 ఏళ్లు, రెండోది 11 ఏళ్లు. ఇది ఒక్క పార్టుకు వేసిన అంచనా మాత్రమే, రిసీవర్ మొత్తానికి గ్యారంటీ కాదు. అయినా అరలో పెరిగే ఆ 10 డిగ్రీలు ఎంత ఖరీదైనవో తెలుస్తుంది కదా.

వేడికి దెబ్బతినే రెండో భాగం హెచ్‌డీఎంఐ బోర్డు. దాని మీది పెద్ద చిప్పులు బాగా వేడెక్కుతాయి, ఆపగానే చల్లబడతాయి. ఇలా రోజూ సాగి ముడుచుకునేసరికి చిప్పు కింది సోల్డరింగ్ అతుకుల్లో పగుళ్లు రావచ్చు. ఆప్టికల్, అనలాగ్ ఇన్‌పుట్లు బాగానే పనిచేస్తూ హెచ్‌డీఎంఐలో మాత్రం బొమ్మ, శబ్దం వచ్చిపోతుంటే, కేబుల్ మార్చినా బాగుపడకపోతే, ముందు అనుమానించాల్సింది ఈ బోర్డునే.

1. చోటు కొలవండి

టేపు తీసుకుని అర ఎత్తు, వెడల్పు, లోతు రాసుకోండి. మామూలు రిసీవర్ 16 నుంచి 18 సెంటీమీటర్ల ఎత్తు, 35 నుంచి 40 సెంటీమీటర్ల లోతు ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. వెనక హెచ్‌డీఎంఐ కేబుళ్లు నేరుగా వంగవు, వాటికి ఇంకో ఆరేడు సెంటీమీటర్లు కావాలి. వైఫై యాంటెన్నాలు పైకి నిలబడతాయి, వాటినీ లెక్కలో వేసుకోండి.

తర్వాత మీరు అనుకుంటున్న మోడల్ మాన్యువల్‌ను కంపెనీ సైట్ నుంచి కొనకముందే డౌన్‌లోడ్ చేసి, అమరిక గురించిన పేజీ తెరవండి. కొన్ని మాన్యువళ్లు పైన 30, పక్కల 20, వెనక 20 సెంటీమీటర్లు వదలమంటాయి. కొన్ని అంతకంటే తక్కువతో సరిపెట్టుకుంటాయి. నిజం చెప్పాలంటే 30 సెంటీమీటర్ల ఖాళీ ఉన్న టీవీ యూనిట్ దొరకడం కష్టం. వెనక వైపు పూర్తిగా తెరిచి ఉండి, ముందు తలుపు లేకపోతే పైన 12, 15 సెంటీమీటర్లతో చాలా ఇళ్లలో నడిచిపోతుంది. రెండు వేళ్ల సందు వదిలి, వెనక చెక్కతో మూసేసిన అరలో మాత్రం నడవదు.

అదే మాన్యువల్‌లో ఇంకో వరుస చూడండి: పనిచేయాల్సిన ఉష్ణోగ్రత. చాలా కంపెనీలు 5 నుంచి 35 డిగ్రీలు అని రాస్తాయి. ఆ 35 మీ గది గాలికి కాదు, రిసీవర్ చుట్టూ ఉన్న గాలికి. గది 30 డిగ్రీలుండి, మూసిన అరలో 42 అయితే మీరు కంపెనీ పెట్టిన గీత ఎప్పుడో దాటేశారు.

2. అర సరిపోకపోతే దారులు

అన్నిటికంటే తేలికైంది రిసీవర్‌నే అరలోంచి బయటికి తేవడం. టీవీ కిందే ఉండాలన్న రూలేమీ లేదు. పక్కన ఒక చిన్న ఓపెన్ స్టాండ్ పెట్టి స్పీకర్ వైర్లు కాస్త పొడిగిస్తే సరి. పొడవు పెరిగేకొద్దీ వైరు కొంచెం లావుగా తీసుకోండి. చూడ్డానికి బాగుండదని ఇంట్లోవాళ్లు అంటే, అది మీరే తేల్చుకోవాలి.

అర తప్పదంటే వెనక చెక్కను తీసేయండి, కుదరకపోతే రెండు పెద్ద రంధ్రాలు కోయించండి. చల్ల గాలి వచ్చే దారి కింద, వేడి గాలి పోయే దారి పైన. ఒక్క రంధ్రంతో పనవదు, గాలి లోపలికి రాకపోతే బయటికి పోదు.

ఫ్యాన్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం మంది దీన్ని తిరగేసి బిగిస్తారు. రిసీవర్ మూత మీది జాలీ గుండా వేడి గాలి తనంతట తానే పైకి పోతుంది. ఫ్యాన్ ఆ పోయే గాలిని లాగి బయటికి తోయాలి. జాలీలోకి కిందికి ఊదితే అది పైకొచ్చే గాలితోనే కొట్లాడుతుంది, పైగా దుమ్మును లోపలికి నెడుతుంది. కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి రెండు చాలు. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా గాలి బాగా లాగుతుంది, చప్పుడు చేయదు. చిన్న ఫ్యాన్ గిర్రున తిరిగితే సినిమాలో నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా అదే వినిపిస్తుంది. కింద రబ్బరు బుడిపెలు అతికిస్తే వణుకు మూతకు అంటదు.

ఫ్యాన్‌ను ఆన్ చేయడం మర్చిపోకుండా ఉండాలంటే యూఎస్‌బీతో నడిచేది తీసుకుని టీవీ యూఎస్‌బీకి తగిలించండి. టీవీతో పాటే తిరుగుతుంది. కొన్ని రిసీవర్ల వెనక 12 వోల్టుల ట్రిగ్గర్ అవుట్ (వేరే పరికరాన్ని ఆన్ చేయమని సంకేతం పంపే సాకెట్) ఉంటుంది కదా, దానికే ఫ్యాన్ కలిపేద్దాం అనిపిస్తుంది. అది సాధారణంగా 100, 150 మిల్లీఆంపులకు మించి ఇవ్వదు. ఫ్యాన్ మీది లేబుల్ చూడకుండా కలపొద్దు. ఇంకో మాట, మూసిన అరలో ఫ్యాన్ పెట్టి రంధ్రం పెట్టకపోతే అదే వేడి గాలిని గిరగిరా తిప్పుతుంది, అంతే.

ఎత్తు తక్కువ అరలకు స్లిమ్ రిసీవర్లున్నాయి. ఉదాహరణకు కొన్నేళ్ల కిందటి మారంట్జ్ ఎన్‌ఆర్1711 ఎత్తు 10.5 సెంటీమీటర్లే, పవర్ మాత్రం ఛానెల్‌కు 50 వాట్లు. స్లిమ్ అంటే వేడెక్కదని కాదు, దానికీ పైన ఖాళీ కావాలి.

3. వాట్లు ఎవరి లెక్క ప్రకారమో చూడండి

వేడికి, వాట్లకు, మీ స్పీకర్లకు సంబంధం ఉంది కాబట్టి ఇది చెప్పాలి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే వాట్లు తరచూ ఒకే ఛానెల్‌కు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 6 ఓమ్‌లకు (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డంకి కొలత), 10 శాతం వక్రీకరణతో (శబ్దం ఆ మేరకు చెడిపోయి) కొలిచినవై ఉంటాయి. స్పెసిఫికేషన్ పేజీలో ‘8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 2 ఛానెళ్లు’ అన్న వరుస వెతకండి. రెండు మోడళ్లను పోల్చాలంటే అదొక్కటే పనికొస్తుంది.

మీ స్పీకర్లు 4 ఓమ్‌లవైతే అదే వోల్టేజీకి 8 ఓమ్‌లవాటి కంటే రెట్టింపు కరెంటు లాగుతాయి, రిసీవర్ అంతగా కాగుతుంది. సెన్సిటివిటీ, అంటే అంతే పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందన్నది కూడా చూడండి. 87 డెసిబెల్స్ స్పీకర్ బదులు 90 డెసిబెల్స్ స్పీకర్ తీసుకుంటే అంతే చప్పుడుకు సగం పవర్ చాలు. అరలో చోటు తక్కువున్నవాళ్లు రిసీవర్ పెద్దది కొనడం కంటే సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లు తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

4 ఓమ్‌ల స్పీకర్లు ఇప్పటికే ఉంటే ప్రీ అవుట్లున్న (శబ్దాన్ని బయటి ఆంప్లిఫయర్‌కు పంపే సాకెట్లున్న) మోడల్ చూసి, ముందు మూడు స్పీకర్లను వేరే పవర్ ఆంప్లిఫయర్‌కు కలపండి. పెద్ద భారం ఈ డబ్బాలోంచి బయటికి పోతుంది.

4. మన్నిక గురించి ఏం నమ్మాలి?

రివ్యూల్లో నక్షత్రాలు లెక్కపెట్టకండి. పాడైనవాళ్లే ఎక్కువగా రాస్తారు, బాగున్నవాళ్లు సినిమా చూసుకుంటూ కూర్చుంటారు. చూడాల్సింది ఒకే మోడల్‌లో ఒకే పార్టు, ఇంచుమించు ఒకే వయసులో పోతోందా అని. పదిమంది పది రకాల ఫిర్యాదులు చేస్తే అంత పట్టించుకోనక్కర్లేదు. పదిమందికీ రెండో ఏట హెచ్‌డీఎంఐ పోతే ఆ మోడల్‌ను వదిలేయండి.

కొత్త టెక్నాలజీ వచ్చిన మొదటి ఏడాది మోడళ్లంటే కొంచెం ఆగడమే మంచిది. 2020లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన డెనాన్, మారంట్జ్, యమహా రిసీవర్లలో వాడిన చిప్పు లోపం వల్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గేమింగ్ కన్సోల్ నుంచి 4కే 120 హెర్ట్జ్ (సెకనుకు 120 ఫ్రేములు) సిగ్నల్ సరిగా దాటలేదు. డెనాన్, మారంట్జ్ బయట తగిలించే చిన్న అడాప్టర్ ఇచ్చాయి, యమహా బోర్డు మార్చింది. మంచి పేరున్న కంపెనీలకే ఇలా అయింది.

వారంటీ ఎన్నేళ్లో, సర్వీస్ సెంటర్ ఎక్కడుందో, అధీకృత డీలర్ బిల్లు ఇస్తాడో లేదో కొనకముందే అడగండి. ఇవి రిసీవర్ ధరలో భాగమే. వేరే దేశం నుంచి చవగ్గా తెప్పించుకునేది 120 వోల్టులదై, మీ ఇంట్లో 230 ఉంటే ఆ మిగిలిన డబ్బంతా ట్రాన్స్‌ఫార్మర్‌కే పోతుంది, వారంటీ కూడా రాకపోవచ్చు.

పాత రిసీవర్ కొంటుంటే గంటసేపైనా ఆన్‌లో ఉంచి చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, వేడెక్కాక తప్పులు చేసేవే ఎక్కువ. ప్రతి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్, ప్రతి స్పీకర్ ఛానెల్ ఒక్కొక్కటిగా పరీక్షించండి. జాలీ మీద టార్చి వేస్తే లోపలి దుమ్ము దుప్పటి కనిపిస్తుంది, అది ఎలాంటి అరలో బతికిందో అదే చెప్తుంది. మూత విప్పి చూడాలన్న ఉత్సాహం వద్దు, ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

5. బిగించాక కొలవండి

రిసీవర్ మూత మీద సెట్‌టాప్ బాక్స్, గేమింగ్ కన్సోల్, పుస్తకం, గుడ్డ ఏదీ పెట్టొద్దు. మంచి సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ హఠాత్తుగా పెరిగితే అడ్డుకునే ప్లగ్ బోర్డు) వాడండి. పిడుగుల సమయంలో కరెంటు ప్లగ్‌తో పాటు లాన్ కేబుల్, డిష్ కేబుల్ కూడా తీసేయండి, దెబ్బ ఆ దారిలోనూ వస్తుంది.

మామూలుగా పెట్టుకునే వాల్యూమ్‌తోనే, తలుపు మామూలుగా ఎలా ఉంటుందో అలాగే ఉంచి, రెండు గంటల సినిమా ఒకటి నడపండి. గదిలో ఒక థర్మామీటర్, అరలో రిసీవర్ పక్కన ఇంకొకటి పెట్టండి. అర గాలి గది కంటే 10 డిగ్రీలు ఎక్కువైతే గాలి చాలట్లేదని అర్థం. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఉంటే మూత మీద నేరుగా గురిపెట్టకండి, మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది. చిన్న మాస్కింగ్ టేపు ముక్క, జాలీ రంధ్రాలు మూయకుండా, అతికించి దాని మీద కొలవండి. మూత వేడిగా తగలడం మామూలే, చేయి పెట్టి కొన్ని సెకన్లు కూడా ఉంచలేకపోతే మాత్రం మళ్లీ రెండో దశకు వెళ్లాలి.

ఎకో మోడ్ ఉంటే ఆన్ చేసి చూడండి, ఊరికే ఉన్నప్పుడు తీసుకునే కరెంటు తగ్గుతుంది. స్టాండ్‌బైలో హెచ్‌డీఎంఐ పాస్ త్రూ (రిసీవర్ ఆపేసినా బొమ్మను టీవీకి పంపే సెట్టింగ్) అవసరం లేకపోతే తీసేయండి, రాత్రంతా బోర్డు వెచ్చగా ఉండక్కర్లేదు. రెండు మూడు నెలలకోసారి ప్లగ్ తీసి, జాలీ మీది దుమ్మును మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్‌తో లాగేయండి.

సినిమా మధ్యలో రిసీవర్ దానంతటదే ఆగిపోయి ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటే టెన్షన్ పడి వెంటనే మళ్లీ ఆన్ చేయకండి. అది ప్రొటెక్షన్ సర్క్యూట్. కొన్ని కంపెనీల మోడళ్లలో లైటు నెమ్మదిగా మిణికితే వేడి వల్ల, వేగంగా మిణికితే స్పీకర్ వైర్లు ఎక్కడో షార్ట్ కావడం వల్ల అని అర్థం. మీ మోడల్ సంగతి మాన్యువల్‌లో ఉంటుంది. వేడే అయితే గంటసేపు చల్లారనివ్వండి. షార్ట్ అనిపిస్తే ప్లగ్ తీసి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర పక్క వైరును తాకుతున్న సన్నటి రాగి పోగు ఏదైనా బయటికొచ్చిందేమో చూడండి. రెండూ సరిచేశాక కూడా మళ్లీ ఆగిపోతే వారంటీ కార్డు తీసి సర్వీస్‌కు ఫోన్ చేయండి.